ఉప్పు చూడు

బయాఫ్రాలో ఆ ఏడు
ఉప్పును సిగరెట్ డబ్బా మూతతో కొలిచేవాళ్లు.
మూత మీద వేలితో చదునుగా గీసి
రాలిన నాలుగు పలుకుల్నీ
మళ్లీ డబ్బాలోకే దులుపుకునేది అమ్మే మనిషి.

నాకు ఏడేళ్లు.
జుట్టు మొక్కజొన్న పీచు రంగుకు తిరిగింది.
పొట్ట మాత్రం విందుకొచ్చిన పెద్దమనిషిలా
నాకంటే ముందు నడిచేది.
మిషన్ ఆసుపత్రి నర్సు
నా పాదం మీద బొటనవేలు నొక్కి తీసింది.
ఆ గుంట ఎంతకీ పూడలేదు.
అమ్మ ఆ గుంట వంకే చూస్తూ నిలబడింది.

ఆ రాత్రే నలుగురు బయల్దేరారు
ఇమో నది దాటి
రెండు సైన్యాల మధ్య సందులోంచి
శత్రువు సంతకు.
"మగవాడు దాటితే కాల్చేస్తారు.
ఆడది దాటితే..." అని మొదలుపెట్టి
మామ్మ మ్బాఫో
మిగతా మాట మింగేసింది.

మా అమ్మ ఇహుఓమా.
కుట్టుమిషన్ అమ్ముకున్న అడాకు.
పళ్లూడిన న్వుగో.
పెళ్లయి నాలుగు నెలలైన ఉగోయేజె.
ఆమె మొగుడు రబ్బరు చెప్పులతోనే
యుద్ధానికి పోయాడు.

ఆరో రోజు తెల్లారగట్ల అమ్మ వచ్చింది.
గంప లేదు.
వెనకాల గోడలు పట్టుకుంటూ న్వుగో.
అడాకు లేదు.
అమ్మ నడుముకు చుట్టుకున్న బట్ట
అట్టలా బిగుసుకుపోయి
అడుగేస్తే చప్పుడు చేస్తోంది.

తిరుగుదారిలో టార్చిలైట్లట.
కర్రపెండలం తోటలో బోర్లా పడుకుందట.
రాత్రంతా సన్నగా వాన.
అంచు మడతలో కుట్టుకున్న ఉప్పు
చెప్పాపెట్టకుండా కరిగి
బట్టంతా పాకింది.
పిండలేదు.
ఒంటిమీదే ఆరనిచ్చింది.

నీలం బట్ట, దానిమీద పసుప్పచ్చ పిట్టలు,
పిట్టల రెక్కల మీద తెల్లటి పొర.
అమ్మ కూర్చోలేదు. కత్తెర అడిగింది.
మొదటి ముక్క అడాకు పిల్లలకు.
తర్వాత గడపకొక ముక్క.
ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి కుండలోనూ
ఆకుల మధ్య ఒక పిట్ట ఉడికింది.
మా చారులో నీలం దిగింది.
గుడ్డముక్క దవడన పెట్టుకుని
పొద్దుపోయేదాకా చప్పరించాను.
ఉప్పెంతో, అమ్మ చెమటెంతో
నాలుకకు తెలియలేదు.

ఉగోయేజె పదిహేడో రోజున వచ్చింది.
నెత్తిన బస్తా.
తడవని, చిరగని, మూతి కుట్టిన ఉప్పు బస్తా.
దానిమీద సైన్యం ముద్ర.

ఎంతకు కొన్నావని ఎవరూ అడగలేదు.
ధర తెలిసిన ఆడవాళ్లు
తలలు వంచుకుని గిన్నెలు పట్టారు.
మామ్మ మ్బాఫో గిన్నె తేలేదు.
వేణ్ణీళ్లు కాచింది.
ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు వేసి
పసిపిల్లకు పోసినట్టు నీళ్లు పోసింది.
బయటికి నీళ్ల చప్పుడు తప్ప
ఇంకేం వినపడలేదు.

ఆ బస్తా ఉప్పో,
రాత్రి విమానాలు దింపిన ఎండుచేపో,
నా పాదం మీద గుంట పూడింది.

యుద్ధం ఓడిపోయాం.
మా నోట్లు పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి.
ఉగోయేజె మొగుడు రాలేదు.
చెప్పులైనా రాలేదు.
ఆమె రోడ్డు పక్కన పూటకూళ్ల కొట్టు పెట్టింది.
లారీలవాళ్లు బారులు తీరేవాళ్లు.
అందులో అటువైపు సైన్యంలో చేసినవాళ్లూ ఉండే ఉంటారు.
గిన్నె నిండా పోసేది,
ముఖం చూసేది కాదు.

వంటంతా తన చేతి మీదే.
కానీ చారు దించబోయే ముందు
గరిటె పట్టుకుని ఆగిపోయేది.
గుమ్మంలో ఎవరుంటే వాళ్లను,
నన్నో, అంట్లు తోమే కుర్రాణ్నో, దారినపోయే మనిషినో
అరచెయ్యి చాపమని
వేడి చుక్క ఒకటి పోసి
మొహం పక్కకు తిప్పుకుని అనేది:

"ఉప్పు చూడు."